ఛార్జి ఎక్కని బ్యాటరీ

కర్నూలు, కడప పల్లెల్లో చాలామంది పిల్లల చదువు కొరకు పాత ల్యాప్‌టాప్ కొంటున్నారు. మా సంఘములో ఒక కుటుంబము వేరుశనగ అమ్మిన డబ్బుతో కొన్నది ఛార్జి ఎక్కలేదు. మేము వేరే ప్లగ్గులో, అదే ఓల్టేజి గల మరో ఛార్జరుతో చూచాము, ఫలితము లేదు. బ్యాటరీ తీసి ఛార్జరు మీద నడిపితే పనిచేసింది. అదే మోడలు బ్యాటరీ మరొకటి పెడితే ఛార్జి ఎక్కింది. లోపము పాత బ్యాటరీదేనని తేలింది.

లిథియం బ్యాటరీ నెలల తరబడి ఖాళీగా ఉంటే, లోపలి రక్షణ సర్క్యూటు ఛార్జింగును ఆపివేస్తుంది. మన 40 డిగ్రీల ఎండ కూడా దాని ఆయుష్షు తగ్గిస్తుంది. విప్పి బలవంతముగా ఛార్జి చేయకండి, నిప్పు అంటుకోవచ్చును. ఉబ్బినది అసలే వాడరాదు. కొనే ముందే ఛార్జరు తీసి అరగంట నడిపించి చూడండి.

ఆ అమ్మాయి ఇప్పుడు కరెంటు ఉన్నంతసేపు ఛార్జరు మీదనే చదువుకుంటున్నది.