ఆళ్ళగడ్డలో బస్సు దిగండి!

విదేశాలు తిరిగొచ్చిన మనవాళ్ళని ఒకసారి కదిపి చూడండి. మ్యూజియం మాట ఎత్తకుండా వదిలితే ఒట్టు! నేనూ అంతే. లండన్‌లో ఉన్న నాలుగు రోజుల్లో రెండు రోజులు బ్రిటిష్ మ్యూజియానికే ఇచ్చేశాను. ప్రవేశం ఉచితం మరి, మనకింకేం కావాలి! ఆ సముద్రంలో ఈదుతూ ఈదుతూ ఒక అద్దాల గదిలో మన అమరావతి స్తూపం పలకల ముందు తేలాను. 1845లో వాల్టర్ ఎలియట్ దొర తవ్వించినవి. కొన్నేళ్ళు మద్రాసులో పడి ఉండి, ఓడెక్కి లండన్ చేరి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి.

శిల్పాలే కాదు, వాటిని చూసేవాళ్ళు కూడా నన్ను కట్టిపడేశారు. ఒక తెల్లదొర, డెబ్భై ఏళ్ళుంటాయి, ఒక్క పలక ముందు అరగంట నిలబడ్డాడు. వంగి చూస్తాడు, చీటీ చదువుతాడు, రెండడుగులు వెనక్కి వేస్తాడు, మళ్ళీ వంగుతాడు. ఆ చూపు కాస్త అరువు తెచ్చుకుని మొన్న నంద్యాల బయల్దేరాను.

నంద్యాల పేరులోనే నంది ఉంది. చుట్టూ నవనందులు. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం కూడా అయింది. మహానంది కోనేరు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అయిదడుగుల లోతున పడ్డ రూపాయి బిళ్ళ అరచేతిలో ఉన్నంత తేటగా కనిపిస్తుంది. ఆ నీరే బయటికి పారి చుట్టుపక్కల పొలాలు తడుపుతుంది.

అహోబిలం సంగతి మాత్రం మీకు తీరిగ్గా చెప్పాలి. మన తొలి టాకీ ఏది? హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద', 1932. అదే కథ 1967లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడుగా, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడుగా మళ్ళీ వచ్చింది. మధ్యలో 1958లో అక్కినేని, అంజలీదేవిల 'చెంచులక్ష్మి'. ఈ కథలకి సొంత ఊరు అహోబిలమే! నరసింహుడు చీల్చుకు వచ్చాడని చెప్పే ఉగ్రస్తంభం ఏ ఆర్ట్ డైరెక్టరూ వేసిన సెట్టింగు కాదు, నిట్టనిలువు కొండ. ఎక్కేసరికి హీరోయిజం అంతా దిగిపోతుంది.

దిగువ అహోబిలంలో విజయనగరం నాటి మండపాలున్నాయి. స్తంభాల మీద చెంచులక్ష్మి, స్వామి. బస్సుల్లో వచ్చినవాళ్ళు కొబ్బరికాయ కొట్టి, ఆ స్తంభానికే వీపు ఆనించి సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతున్నారు. నేను లండన్ దొరలాగా ఒక స్తంభం చుట్టూ ముప్పావు గంట తిరుగుతుంటే, పూలమ్మే ఆమె జాలిపడి, "ఏమన్నా పోగొట్టుకున్నావా సార్?" అని అడిగింది!

తిరుగు ప్రయాణంలో ఆళ్ళగడ్డ. ఊళ్ళోకి రాగానే చెవికి తెలుస్తుంది, టక్ టక్‌మని ఉలి చప్పుడు. దేవుళ్ళు, నందులు, నాయకులు, అందరూ ఒకే షెడ్డు కింద సగం సగంగా నిలబడి ఉంటారు. ఒకరికి ముక్కు లేదు, ఒకరికి చేతులు రావాలి. ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక నల్లరాయిని సుత్తితో తట్టాడు. గంటలా మోగింది.

"ఇది మగరాయి. దేవునికి దీన్ని వాడతాం. అమ్మవారికి ఆడరాయి, దాని నాదం వేరే. మోగని రాయి మూర్తికి పనికిరాదు, అడుగున వేసుకోవల్ల."

కన్ను అన్నిటికన్నా ఆఖర్న తెరుస్తారట. అంతదాకా అది రాయే. పక్కన ఆయన కొడుకు మిషన్‌తో రాయి కోస్తున్నాడు, ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఆ తెల్లటి దుమ్ములో మనిషి సరిగ్గా కనిపించడం లేదు. ఉలి కంటే మిషన్ పని తొందరే గానీ, ఆ దుమ్ము పీల్చే ఊపిరితిత్తుల మాటేమిటి?

ఫోన్ తీసి అమరావతి పలకల ఫోటోలు చూపించాను. పెద్దాయన కథ అడగలేదు. వేళ్ళతో బొమ్మని పెద్దది చేసుకుని, ఒక మెడలోని పూసల దండ దగ్గర ఆగిపోయాడు.

"సున్నపురాయి గదా, మెత్తన. అందుకే ఇంత సన్నం పని వచ్చింది. మా నల్లరాయి ఇట్ల ఒప్పుకోదు." మళ్ళీ చూశాడు. "ఉలి ఎంత సన్నందో చూడు! యాడుండాయి సార్ ఇవి?"

లండన్ అన్నాను. ఆయన ఫోన్ నా చేతికిచ్చేశాడు.

ఆ పని చూడగానే పోల్చుకోగలిగిన మనిషికి అక్కడికి వెళ్ళాలంటే పాస్‌పోర్టు, వీసా, విమానం కావాలి. నాకు చాలాసేపు మాట రాలేదు. తర్వాత చెప్పాను, అమరావతి శిల్పాలు లండన్‌లోనే కాదు, మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో కూడా బోలెడున్నాయని.

"మద్రాసా!" ఆయన ముఖం వెలిగింది. "ఒక రాత్రి ప్రయాణమే గదా!" అంటూ కొడుకు వైపు తిరిగాడు.

కొడుకు మిషన్ ఆపకుండానే, "ఈ బొమ్మ అయిపోనీ నాయనా, పోదాం" అన్నాడు.