రెండు తాళపుచెవులు

మా మొలత్రాటికి పదునాలుగేండ్లు రెండు తాళపుచెవులు వ్రేలాడెను. ఒకటి మా కిరాణా దుకాణపు గల్లాపెట్టెది. రెండవది మా సంఘపు కానుకపెట్టెది. రుద్రారములో ముంబయి రహదారికి కూతవేటు దూరమున మా దుకాణము కలదు. దాని వెనుక వీధిలో, రేకుల కప్పు క్రింద, నూరుమంది కూర్చుండదగిన ప్రార్థనామందిరము కలదు. దానికి మేమే కోశాధికారులము. ఆ రెండు పెట్టెలను మేము తప్ప మరెవరును తెరువరు. సంఘమువారు లెక్క అడుగరు; దుకాణమునకు వచ్చువారు ఖాతా పుస్తకము చూడరు. ఇది జనులకు మాయందు గల నమ్మకమని యెంచి మేము లోలోపల గర్వించుచుండెడివారము.

దుకాణములును దేవాలయములును క్రొత్త సాధనములను స్వీకరింపవలయునా అని యెవరైన నడిగినచో, పదియేండ్ల క్రిందట మేము అక్కరలేదని ఖండితముగా చెప్పియుందుము. అట్లు చెప్పుటకు మా ప్రాంతమువారికి కొంత హక్కు కూడ కలదు. యంత్రమనిన మీకు భయమేల యన్నవారికి మేము నక్కవాగును చూపింతుము. 1970ల దశకమునుండి పటాన్‌చెరువు, బొల్లారము పరిసరములందు కర్మాగారములు వెలసినవి. ఉద్యోగములు వచ్చినవి, వానివెంట రంగునీరును వచ్చినది. ఆ నీరు వాగున బడెను, పొలములను చెరచెను. ఆ వాగు పోయి కలియునది మంజీరలో. 1990లో ఈ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయెను. పటాన్‌చెరువు వైద్యులు కిషన్‌రావుగారు దీనికై అనేక సంవత్సరములు పోరాడిరి. అయితే అదే పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిసాటువారు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనములను దేశదేశములనుండి తెచ్చి, చలిగదులలో భద్రపరచి, వానిపై పరిశోధనలు చేయుచున్నారు. ఒక్క ఊరి పొలిమేరలోనే శాస్త్రము రెండు ముఖములతో కనబడుచున్నది. కనుక తప్పంతయు యంత్రముపై త్రోయుటకు వీలులేదని మాకు తెలియకపోలేదు. తెలిసియు మేము మాత్రము నక్కవాగునే చూపుచుంటిమి. అది మాకు అక్కరకు వచ్చెడిది.

నిజము చెప్పవలెనన్న, మేము అన్ని యంత్రములను నిరాకరించినవారము కాము. మా మందిరమునకు ధ్వనివర్ధకము తెచ్చుకొన్న దినమున ఒక్క పెద్దయు నోరు మెదపలేదు. ఒకేవారములో చందా పోగైనది, మైకు వచ్చినది, వీధి వీధియంతయు మా పాటలు విన్నది. వినుటకు వారికి ఇష్టమున్నదా అని మేము అడుగలేదు. ఇది మా మతమువారి విషయము మాత్రమే కాదు; ఏ మతమువారి గుడి చూచినను ఇట్లే యున్నది. కాని కానుకలు ఫోనుద్వారా స్వీకరింతమని యువకులు కోరినపుడు మూడేండ్లు చర్చ జరిగినది. దేవుని కానుక చేతితో వేయవలెను గాని మీటనొక్కి పంపుటయేమని మేమే గట్టిగా వాదించితిమి. మైకు పెద్దల గొంతును పెద్దది చేయును. ఫోను పెద్దల లెక్కను పదిమందికి చూపును. ఈ భేదము ఆనాడు మాకు తోచలేదు. తోచియుండిన, పైకి చెప్పియుండెడివారమా యనునది వేరు సంగతి.

దుకాణములోను అంతే. 2016 ఏప్రిలులో యూపీఐ యను చెల్లింపు పద్ధతి వచ్చినది. ఆ సంవత్సరమే నవంబరు 8వ తేది రాత్రి అయిదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయినవి. మరునాటినుండి చిల్లర కరవు. "స్కానరు లేదా సేటూ?" అని కర్మాగారముల కుర్రవాండ్రు అడుగుదురు, లేదందుము, ఎదుటి దుకాణమునకు పోవుదురు. మా గోడమీద "ఈరోజు నగదు, రేపు అప్పు" అను పలక యుండెడిది. దానిక్రింద "ఫోను చెల్లింపులు లేవు" అని సుద్దతో మేమే వ్రాసితిమి. బేరము తగ్గినను పట్టుదల తగ్గలేదు. ఖాతా పెట్టువారు మావద్దకు రాక ఎక్కడికి పోవుదురను ధీమా మాది. ఖాతా పెట్టువారిలో హెచ్చుమంది బీహారు, ఒడిశా, జార్ఖండు ప్రాంతములనుండి వచ్చిన కూలీలు. వారికి తెలుగు రాదు. మా పుస్తకములో మేమేమి వ్రాసితిమో వారికి తెలియదు. ఒకే పేరుగలవారు ముగ్గురున్నచో "పొడుగువాడు", "గళ్ళచొక్కా" అని గుర్తులు వ్రాసికొనుచుంటిమి. గళ్ళచొక్కావాడు చొక్కా మార్చినపుడేమి గతియని మేమెన్నడును ఆలోచింపలేదు.

2020 మార్చి 25వ తేదినుండి దేశమంతయు మూతపడెను. మాకు సమీపముననే యున్న కందిలో, ఐఐటీ భవనములు కట్టుచున్న కూలీలు పనిలేక, ఇల్లు చేరు దారిలేక, ఏప్రిలు చివర రోడ్డెక్కిరి. మే 1వ తేదిన లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు ప్రత్యేకముగా రైలు నడిపిరి; వలసకూలీలకై ఆ మూతకాలమున దేశములో నడచిన మొదటి రైలు అదియే. దానిలో సుమారు 1,200 మంది వెడలిపోయిరి. అందు మా ఖాతాదారుడును ఒకడు. పదిదినములు గడచినపిమ్మట అతడు ఫోను చేసి, "సేఠ్‌జీ, నా బాకీ ఎంత? పంపిస్తాను, నంబరు చెప్పండి" అనెను. పారిపోయిన బాకీ యని మేము కొట్టివేసికొన్నది అది. పుస్తకము చూచి 1,140 రూపాయలని చెప్పితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, సంక్రాంతికి 300 ఇచ్చితినే యనెను. పుస్తకములో లేదంటిమి. మారుమాటాడక మొత్తము పంపుదుననెను. కాని పంపుటకు మాకు నంబరే లేదు! మా కోడలు తన ఫోను నంబరిచ్చెను. రెండు నిమిషములలో జార్ఖండునుండి 1,140 రూపాయలు మా యింటికి వచ్చినవి.

పనిలేని దినములు కనుక మా కోడలు ఆ పుస్తకమంతయు ఫోనులో పట్టికగా ఎక్కించుటకు పూనుకొన్నది. నాలుగవదినమున ఆమె ఒక పుట తెచ్చి మా ముందు పెట్టి, "మామయ్యా, ఈ మూడువందలు చూడండి" అనెను. సంక్రాంతి మరునాడు, మా చేతివ్రాతతోనే, 300 జమ వ్రాయబడియున్నది. ఆ పేరుగల మరియొకని క్రింద. ఆ మరియొకడు పండుగకు ముందే ఊరు వెడలిపోయినవాడు. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. చేతిలో కూలిలేని మనిషి మా తప్పునకు మూడువందలు కట్టెను. మాతో వాదింపనైన వాదింపలేదు. వాదించి లాభములేదని వానికి ముందే తెలియును. మేము నమ్మకమనుకొన్నదానికి వాడు పెట్టుకొన్న పేరు వేరని అపుడు తోచినది. మరునాడు కోడలిచేత ఆ పైకము తిరిగి పంపించితిమి. మా యిరువదియేండ్ల వర్తకములో ఫోనుద్వారా మేము జరిపిన మొదటి చెల్లింపు అదియే.

మందిరపు సంగతి యింకను కష్టమైనది. 2020 ఏప్రిలు 12వ తేది ఈస్టరు. తలుపులు మూసియున్నవి. అయ్యగారు ఒంటరిగా నిలిచి ప్రార్థన జరుపగా యువకులు ఫోనుద్వారా ఇంటింటికి చూపిరి. మేమును చాపమీద కూర్చుండి చూచితిమి. అలవాటులేనిది గనుక వెలితిగానే యుండెను. మధ్యాహ్నము మా సంఘములోని యొక ముసలమ్మ మనుమడు వచ్చి, అవ్వ మాటాడవలెనన్నదని ఫోను మా చేతికిచ్చెను. ఆమెకు పక్షవాతము, ఆరేండ్లుగా మంచముననే యున్నది. "గుడి నా మంచం కాడికొచ్చింది బిడ్డా! ఆరేండ్లకు పాట విన్న. గిది ముందుగల్ల ఎందుకు చెయ్యలె?" అని ఆమె యడిగెను. ఏమని చెప్పుదుము? ఆమెకు మా తలుపు ఆరేండ్లనుండి మూయబడియున్నది. ఆ సాధనము అన్నాళ్లును కుర్రవాండ్ర జేబులలో నుండినదే. మాకు తలుపు మూయబడినపుడు గాని మేము దానిని తలపెట్టలేదు. నెలకొకసారి పోయి ఆమెకొరకు ప్రార్థించి వచ్చుటతో మా ధర్మము తీరినదనుకొంటిమి.

పెద్దలలో ఒకరు అప్పటికిని ఒప్పుకొనలేదు. యంత్రములతో భక్తి కలుషితమగునన్నారు. ఆయన ఏటేట మెదకు పోయి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహామందిరపు గాజుకిటికీల క్రింద నిలిచి మురిసిపోవువారు. ఆ కిటికీల చిత్రములు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. సముద్రములు దాటి వచ్చిన రంగుటద్దములు భక్తిని కలుషితము చేయకపోగా పెంపొందించినవట. అరచేతి అద్దముతోనే చిక్కు వచ్చినదట! మేమును నిన్నటివరకు ఆయన ప్రక్కవారమే గనుక నవ్వు ఆపుకొంటిమి.

తెలుగువారి చేతికి బైబిలు వచ్చిన తెన్ను చూచినను ఇదే కనబడును. బెంగాలులోని శ్రీరాంపూరులో విలియం కేరీ ప్రభృతులు అచ్చుకూటము పెట్టి పెక్కు దేశభాషలలో గ్రంథములు ముద్రించుచుండగా, 1812 మార్చి 11న అగ్ని చెలరేగి అచ్చక్షరములును వ్రాతప్రతులును దగ్ధమయ్యెను. వారు మరల అక్షరములు పోతపోయించిరి. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడినుండి వెలువడినది. అంతకంటె మమ్ము ఆకర్షించినది వారి కాగితపు మిల్లు కథ. నాటి దేశీయ కాగితమును పురుగులు తినివేయుచుండుటచే వారు స్వయముగా కాగితము చేయించిరి. మిల్లును త్రిప్పుటకు కూలీలు వంతులవారీగా త్రొక్కుడుచక్రమును త్రొక్కుచుండెడివారు. వారిలో నొకడు ఆ పనిలో మరణించెను. అపుడు వారు ఇంగ్లండునుండి పన్నెండు అశ్వశక్తుల ఆవిరియంత్రమును తెప్పించి 1820లో నిలిపిరి. వేడుకకు గాని గొప్పకు గాని కాక, పాతపద్ధతికి ఒక మనిషి ప్రాణము వెలగా పోయినందున ఆ యంత్రము వచ్చినది. అది మత సంఘము, అదియే వ్యాపారశాలయు.

ఈ కథ తలచుకొన్నపుడెల్ల మాకు పాశమైలారము జ్ఞప్తికి వచ్చును. 2025 జూన్ 30న అక్కడి యొక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా కూలీలు మరణించిరి. ఎవరి దేహమేదియో తెలియక బంధువులు దినములతరబడి ఆసుపత్రి వాకిటనుండిరి. డీఎన్‌ఏ పరీక్షలతో పేర్లు తేల్చిరి. చనిపోయిన కూలీ పేరు తెలిసికొనుటకు ఇంతటి శాస్త్రము అందుబాటులోనున్నది. బ్రదికియున్నవానికి మేము గళ్ళచొక్కా యని పేరు పెట్టితిమి. మా దుకాణమునకు వచ్చు మేస్త్రీలను, లోపల ఎందరున్నారో, ఎవరెవరో, ఏ పూట ఎవరు వచ్చిరో వ్రాయుదురా యని యిపుడు అడుగుచున్నాము. కొందరు నవ్వుదురు. సరకు తూచుటకు నిమిషమునకు వేయి సీసాలు లెక్కించు యంత్రమును కొన్న యజమాని, మనుషులను లెక్కించుటకు చినిగిన నోటుపుస్తకము చాలుననుకొనుట మా యీ పారిశ్రామిక వాడలో వింతగాదు.

ఇక, ఫోను వచ్చినంతనే అంతయు చక్కబడినదని మేమనము. మోసగాండ్ర మాటలకు చిక్కి రహస్యసంఖ్య చెప్పి పైకము పోగొట్టుకొన్నవారు మా వీధిలోనే ఇద్దరు కలరు. ఫోనులేని ముసలివారు, ఫోను భర్తచేతనున్న స్త్రీలు మా సంఘములో సగముమంది. అందుచే కానుకపెట్టెను తీసివేయుదమన్న యువకులకు మేము అడ్డుపడితిమి. ఈసారి అడ్డుపడుట సబబేయని నేటికిని మా తలంపు. ఆరాధనలో పొగలు, రంగుదీపములు వలయునన్నవారితోను మాకు పొత్తు కుదరలేదు.

కాని లెక్క మాత్రము బయటికి వచ్చినది. కోడలు మా పదునాలుగేండ్ల సంఘపు పుస్తకములను పట్టికలోనికి ఎక్కించినపుడు దొంగతనమేదియు బయటపడలేదు. అందులకు మేము దేవునికి కృతజ్ఞులము. బయటపడినది మరియొకటి. మా స్త్రీలు వండుకొను ప్రతిపూట పిడికెడు బియ్యము తీసియుంచి ఆదివారము తెత్తురు. ఆ బియ్యమును వేలము వేయుదుము. ఆ పైకమును మేము ఏనాడును వేరుగా చూపక "ఇతరములు" అను పద్దులో వేయుచుంటిమి. కూడి చూడగా, కొన్ని నెలలలో ఆ "ఇతరములు" పురుషులు సంచిలో వేసిన కానుకలకంటె హెచ్చుగా నున్నవి. మందిరపు రేకులలో సగము పిడికెడు బియ్యముతో వచ్చినవేయని తేలినది. ఇన్నేండ్లలో సంఘపు పెద్దల సభలో ఒక్క స్త్రీయు కూర్చుండలేదు.

ఇపుడు కానుకపెట్టె తాళపుచెవి స్త్రీల సమాజమువారివద్ద నున్నది. నెలకొకసారి లెక్క పత్రము మందిరపు తలుపునకు అంటింతురు; ఫోనులున్నవారికి ఫోనుకు పంపుదురు; చదువురానివారికై ఆరాధన ముగిసినపిమ్మట చదువుదురు. బియ్యపు పద్దు మొదటి వరుసలో నుండును. పోయిన నెల చదువువంతు మాదయ్యెను. మొదటి వరుస చదివి రెండవదానికి పోవుచుండగా, వెనుక చాపమీదినుండి ఒక ముదుసలి, "మా బియ్యానిది ఎంత? మళ్లొకసారి చదువు బిడ్డా, నాకు సరిగ్గ ఇనబడలె" అన్నది. మైకు ఆమె దరికి జరిపించి, మొదటి వరుస మరల చదివితిమి.