పడవలోని తీగ, ఇంటిలోని ఫ్యూజు

నీటిమీద దిరుగు పడవకు నిప్పు భయ మెక్కడిదని గడచిన వానకాలమువరకు మేమును అనుకొనెడివారము. చేయి చాచిన నీరందుచుండగా నిప్పేమి చేయగలదు? కాని పడవలో నిప్పు పుట్టినచో పరుగెత్తుటకు చోటు లేదు. నీటిలో దూకుట యొక్కటే దారి. చంకలో బిడ్డ యున్న తల్లికి అదియు దారి గాదు. ఈ సంగతిని మా మరదలు చెప్పగా నెరిగితిమి. సోదరీమణులకు దానిని దెలుపుట మా విధి యని తోచినది. ఏలయన, జరిగిన తప్పులో సగపాలు మాది.

మా కాపురము నూజివీటి మామిడితోటల నడుమ. పుట్టినిల్లు కొల్లేటి లంకలలో నొకటి. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండిన దినములలో మా తమ్ముని యింటికి బాట మునిగిపోవును. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరే యిది. అట్టి దినములలో పడవయే గతి. తమ్మునిది గడవేసి నడుపు చిన్న కొయ్యపడవ. దానిలో 12 వోల్టుల బ్యాటరీ, రాత్రులయం దొక దీపము, అడుగున చేరిన నీటిని తోడుట కొక చిన్న మోటారు గలవు. మోటారు ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని తమ్ముడు ఫోనులో మొరపెట్టుకొనగా, "రాగిపోగులు రెండు దానికి చుట్టరాదా? మా యింట మేమట్లే చేయుచున్నాము" అని చెప్పినవారము మేమే.

ఒకనాటి మునిమాపున బిడ్డకు జ్వరమని మరదలును తమ్ముడును పడవపై బయలుదేరిరి. నడుమ గుర్రపుడెక్క వేళ్లు మోటారులో చిక్కుకొని అది తిరుగక నిలిచినది. తిరుగలేని మోటారు తిరుగు మోటారుకన్న అనేక రెట్లు విద్యుత్తును లాగును. సరియైన ఫ్యూజున్నచో అప్పుడే తెగవలసినది. మేము చెప్పిన రాగిపోగులు తెగలేదు. వానికి మారుగా పలకల క్రింది సన్నని తీగ కాగి, పైతొడుగు కరగి, పొగ లెగసినది. తమ్ముడు బ్యాటరీకడ తీగను పెరికివేయుటచే గండము తప్పినది. అతని యరచేయి కాలినది. బిడ్డ క్షేమముగా నొడ్డు చేరినది.

నీరు తీసిన పిమ్మట మేము పోయి చూచితిమి. ఆ చేతి మచ్చను జూచి మాకు మాట రాలేదు. "అక్కయ్యా, నీవు చెప్పకున్నను నేనట్లే చేసియుందును" అని తమ్ముడు మమ్ము నోదార్చెను. దానితో మా సిగ్గు మరింత పెరిగినది. ఇక తెలియక సలహా చెప్పరాదని తలచి, మావారు బడిలో బోధించు విద్యుత్పాఠములను దెచ్చుకొని, కాగితముపై లెక్క వేయ గూర్చుంటిమి.

తోటలో నీరు పెట్టించు సోదరీమణులకు ఈ లెక్క సులభముగా బోధపడును. గొట్టము సన్ననిదై, పొడవుగా సాగినచో కొసచెట్టునకు నీరు ధారగా రాక బొట్లుగా వచ్చును. తీగయు నంతే. తీగ యెంత పొడవో అంత నిరోధము. ఎంత లావో అంత సుగమము. పడవమోటారు 5 ఆంపియర్లు లాగును. బ్యాటరీకి మోటారునకు నడుమ 6 మీటర్లు. కాని విద్యుత్తు పోయినదారిని తిరిగి రావలెను గనుక లెక్కకు 12 మీటర్లు. ఈ రెట్టింపును మరచుటయే అందరు చేయు పొరపాటు.

చదరపు మిల్లీమీటరు లావుగల రాగితీగ మీటరు పొడవునకు నిరోధము 0.0175 ఓములు. అట్టి తీగ 12 మీటర్లైనచో దారిలోనే ఒక వోల్టునకు పైగా హరించును. ఇంటి 230 వోల్టులలో ఒక వోల్టు పోయినను మనకు దెలియదు. 12 వోల్టులలో పోయినచో పన్నెండవ వంతు పోయినట్లే! 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.42 వోల్టు, 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.26 వోల్టు మాత్రమే పోవును. అమెరికాలో చిన్న పడవలకు ఎ.బి.వై.సి. యను సంస్థ యేర్పరచిన ప్రమాణములలో ముఖ్యమైన దీపములు మున్నగువానికి నూటికి 3 పాళ్లు, తక్కినవానికి 10 పాళ్లు మించి పోరాదని యున్నది. ప్రాణము గాచు మోటారు గనుక మేము 3 పాళ్ల కట్టుబాటునే గైకొని 4 చదరపు మిల్లీమీటర్ల తీగను నిశ్చయించితిమి. ఒక్క ఆంపియరు చాలు దీపమునకు 1.5 చాలినది.

ఇక ఫ్యూజు. అది మోటారును గాచుటకని మే మనుకొనుచుంటిమి. నిజమున కది తీగను గాచునది. పరికరము మామూలుగా లాగు విద్యుత్తుకన్న ఫ్యూజు కొంచెము ఎక్కువదిగాను, తీగ భరింపగల దానికన్న తక్కువదిగాను ఉండవలెను. దానిని మించిన ఫ్యూజు పెట్టితిమా, తీగయే ఫ్యూజగును. మోటారునకు 7.5 ఆంపియర్లది, దీపమునకు 3 ఆంపియర్లది, అన్నిటికి మొదట 15 ఆంపియర్లది పెట్టించితిమి. ఈ మొదటి ఫ్యూజు బ్యాటరీకి ప్రక్కనే యుండవలెను, ఎ.బి.వై.సి. వారు సాధారణముగా 7 అంగుళములలో నుండుమందురు. బ్యాటరీకి ఫ్యూజునకు నడుమనున్న తీగకు రక్షకు లెవ్వరును లేరు గదా. 12 వోల్టులు మనుష్యుని కొట్టవు గాని, తీగలు రెండు తాకినచో ఆ బ్యాటరీయే వందల ఆంపియర్లను గ్రుమ్మరించి ఇనుమును సైతము ఎర్రగా కాల్చగలదు.

ఇంటి ఎం.సి.బి. నొకదానిని పెట్టుదమని పనివాడనగా వలదంటిమి. ఇంటి విద్యుత్తు సెకనుకు నూరుమారులు సున్నయగును గనుక తెగినచోట రవ్వ ఆరిపోవును. బ్యాటరీ విద్యుత్తు కట్లు కాదు. దానికై చేసిన మీటలే కావలెను.

లావు తీగకు వెల యెక్కువయని తమ్ముడు సందేహించెను. "ఇంతకాలము సన్నని తీగతోనే వెలిగినదిగదా, అక్కయ్యా!" అనెను. మే మేమియు ననకమునుపే మరదలు, "వెలిగినది దీపమే కాదు గదండీ" అని బిడ్డను ఒడిలోనికి దీసికొన్నది. మరునాడే తీగ కొనబడినది. కళాయి పూసిన రాగిపోగుల తీగను దీసికొని, నీరు చేరు అడుగున అతుకులు లేకుండ, పలకలకు బిగించి వేయించితిమి. మోటారు నోటికి జల్లెడ కట్టించితిమి.

ఇల్లు చేరినవెంటనే మెయిన్ స్విచ్చి యాపించి మా ఫ్యూజుల పెట్టెను దెరిపించితిమి. 5 ఆంపియర్ల ఫ్యూజులో సుమారు 0.2 మిల్లీమీటరు మందపు తీగ యుండవలసినచోట, మేము చుట్టిన లావుపాటి రాగిపోగులు కనబడినవి. ఆ గదిలోనే యిన్నాళ్లు మా పిల్లలు నిదురించుచుండిరి. సోదరీమణులారా, మీ యింటి పెట్టెను సయితము రేపటి పగటివేళ తెలిసినవారిచే నొకమారు చూపించుడు. మాటిమాటికి పోవు ఫ్యూజు మనల విసిగించునది గాదు. ఎచటనో తప్పున్నదని చెప్పునది. దాని నోరు నొక్కరాదు.