అభయమున్న చోటనే సత్యము

ఇంకను రాని దుఃఖమే తొలగింపదగినదని పతంజలి మహర్షి యోగసూత్రములలో నిర్దేశించినాడు. గడచిన దుఃఖము అనుభవముతోనే తీరినది, వర్తమాన దుఃఖము అనుభవములోనే యున్నది అని వ్యాసభాష్యము దీనిని విశదపరచును. ఆ భాష్యమే యోగమును చికిత్సాశాస్త్రముతో పోల్చి రోగము, రోగహేతువు, ఆరోగ్యము, ఔషధము అను నాలుగు అంగములను చెప్పినది.

నేడు ఉద్యోగస్థలములలో జరుపు ఆరోగ్య ప్రమాద అంచనా యందు రెండవ అంగమైన హేతువిచారమే ముఖ్యము. 2022లో తెలంగాణ ఆర్టీసీ ‘గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్’ పేరుతో తన ఉద్యోగులకు వైద్యపరీక్షలు జరిపించినది. గ్రామములలో ఆశా కార్యకర్తలు 30 ఏండ్లు నిండినవారికి నింపు పత్రమును ఈ కోవలోనిదే. వయస్సు, పొగాకు, మద్యము, నడుము చుట్టుకొలత, వారమునకు 150 నిమిషముల శరీరశ్రమ, వంశమున రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బులు గలవా యని అందు అడుగుదురు. నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో అంకె పెరుగును. మొత్తము 4 దాటినవారిని ముందుగా పరీక్షకు పంపుదురు.

నుదుటి వ్రాత తప్పదు గదా, ఈ పత్రములేల యని కొందరందురు. ఆ పత్రమునే నిదానముగా చూడవలెను. వయస్సు, వంశము ప్రారబ్ధము వంటివి, వానిని మార్చజాలము. పొగాకు, ఆహారము, శ్రమ ఆగామి వంటివి. అవి నేటి ప్రయత్నమునకు లోబడినవి. ఏది మన చేతిలోనిదో, ఏది కాదో వేరుపరచి చూపుటయే ఆ అంకెల ప్రయోజనము. అంకె జాతకము కాదు, హెచ్చరిక మాత్రమే.

ఉదయగిరి, ఆత్మకూరు డిపోలనుండి మెట్టప్రాంతపు ఎండలో బస్సు నడుపు డ్రైవరును భావించుడు. ఇంజను వేడి, వేళ తప్పిన భోజనము, నైటౌట్ డ్యూటీలో తెగిన నిద్ర, మెలకువకై మరియొక టీ. అతని ఎదుట పత్రము పెట్టినప్పుడు మనస్సున మెదలునది గుండె కాదు, స్టీరింగు. “ఉన్నది ఉన్నట్లు చెప్పిన బండి దింపుదురేమో, పిల్లల చదువు ఏమగును?” అని శంకించి, ఖైనీ లేదు, తలతిరుగుట లేదు అని వ్రాయించును. పత్రము నిండినది, రోగము దాగినది. అతని వెనుక కూర్చున్న ప్రయాణికుల ప్రాణములును ఆ అసత్యముపైననే ఆధారపడినవి.

అసత్యమాడిన వానిని నిందించుట సులభము. కాని భగవద్గీత పదునారవ అధ్యాయమున దైవసంపదను లెక్కించుచు భగవానుడు అభయమును మొట్టమొదట నిలిపినాడు. సత్యము దాని తరువాతనే వచ్చును. ఆ క్రమము ఊరక కుదిరినది కాదు. భయపడువానినుండి సత్యమును కోరుట, నీరు పోయక పంటను కోరుట వంటిది.

కావున అడుగువాడు ముందుగా అభయమీయవలెను. ఒక్కొక్కరి ఫలితము వైద్యునికి, ఆ మనిషికి మాత్రమే తెలియవలెను. యాజమాన్యమునకు మొత్తపు లెక్కలు చాలును. రక్తపోటు బయటపడినవానికి మందులు, మరల పరీక్షకు సెలవు, నిద్రకు వీలైన డ్యూటీ లభింపవలెను. కొంతకాలము బండి నడుపరాదని వైద్యుడు చెప్పినచో, ఆ కాలమున జీతము తగ్గని వేరొక పని చూపవలెను. నాలుగవ అంగమైన ఔషధము లేక హేతువును మాత్రము ఎన్నుట చికిత్స కాదు, గూఢచర్య మగును.

అభయము దొరికిన పిమ్మట సత్యము చెప్పుట ఉద్యోగి ధర్మము. దేవుని ఎదుట దాపరికము లేక నిలుచు భక్తుడు, తన దేహమును గూర్చి వైద్యుని ఎదుటను అట్లే నిలువవలెను.