పుస్తకం క్రికెట్టులో నాలుగు పాత జట్లు

పోయిన నెల మన గోడపత్రికలో అందరూ అమ్మ మీద, చెట్ల మీద, పొదుపు మీద రాసినారు. నేను ఆట మీద రాయుచున్నాను. ఆట అంటే గ్రౌండులో ఆడేది కాదు, మంచం మీద కూర్చొని ఒక్కదాన్నే ఆడేది. పుస్తకం క్రికెట్టు మీ అందరికీ వచ్చు. కాని నేను జరిపేది టోర్నమెంటు. అందులో ఆడేవాళ్ళు పాతకాలం వాళ్ళు. కొందరు చనిపోయి వంద ఏళ్ళు దాటింది.

చిన్న తరగతుల చెల్లెళ్ళ కోసం ముందు ఆట చెప్తాను. పుస్తకం మూసి ఎక్కడో ఒకచోట టక్కున తెరవాలి. ఎడమచేతి వైపు పేజీ నంబరులో ఆఖరి అంకె చూడాలి. ఎడమవైపు ఎప్పుడూ సరిసంఖ్యే ఉంటది కాబట్టి 0, 2, 4, 6, 8 ఈ ఐదే వస్తాయి. 2 వస్తే రెండు పరుగులు, 4 ఫోరు, 6 సిక్సు. 8కి కొందరు ఎనిమిది ఇస్తారు, మా గదిలో ఒక్క పరుగే. 0 వస్తే అవుట్.

పుస్తకం కూడా చూసుకోవాలి. సోషల్ పుస్తకం అసలు పనికిరాదు. పరీక్షల ముందు ఏ పాఠం ఎక్కువసార్లు చదివామో అక్కడే తెరుచుకుంటది, కుట్టు అక్కడ వదులైపోద్ది. అందుకని నేను లైబ్రరీలో అట్ట ఊడిపోయిన లావుపాటి నిఘంటువు అడిగి తెచ్చుకున్నాను. దాన్ని ఎవరూ చదివినట్టు లేదు. కాబట్టి అది ఏ పక్షమూ కాదు.

ఇక జట్లు. ఇంగ్లాండులో లండను నగరంలో లార్డ్స్ అనే గ్రౌండు కలదు. ఆ గ్రౌండులో నిజంగా ఆడిన జట్లే నా టోర్నమెంటులో ఉండాలని రూలు పెట్టుకున్నాను.

మొదటిది 1932 ఇండియా జట్టు. మన దేశం మొట్టమొదటి టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లోనే మొదలయింది. కెప్టెను సి.కె. నాయుడు గారు. ఆయన నాగపూర్‌లో పుట్టిన తెలుగు మనిషి. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సులతో 153 కొట్టినారు. అరవై దాటినాక కూడా రంజీ ఆడినారు. ఆ మొదటి టెస్టు మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. రెండోది 1983 ఇండియా జట్టు. అది కూడా జూన్ 25నే, అదే లార్డ్స్‌లో. మనం 183కే ఆలౌట్. వెస్టిండీసు 140కే ఆలౌట్. కప్పు మనదే. మూడోది 2017 జూలై 23న ఆడిన మన ఆడపిల్లల జట్టు. కెప్టెను హైదరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్. ఫైనల్లో 9 పరుగుల తేడాతో ఓడిపోయారు. మా గదిలో వాళ్ళు 2025లో కప్పు గెలిచిన జట్టునే పెట్టాలని గొడవ చేశారు, అందులో మన కడప జిల్లా శ్రీచరణి ఉంది కదా అని. నిజమే. కాని ఆ ఫైనల్ జరిగింది నవీ ముంబైలో. రూలంటే రూలే.

నాలుగో జట్టు సంగతి తర్వాత చెప్తాను.

ఆడగా ఆడగా నాకు ఒకటి కనపడింది. ఏ జట్టు ఆడినా పరుగులు ఇంచుమించు ఒకటే వస్తన్నాయి. 132, 119, 141, 126. ఎందుకిట్టా అని లెక్క వేశాను. ఐదు అంకెల్లో ఒకటి అవుట్. మిగతా నాలుగూ కలిపితే 2+4+6+1, అంటే 13. కాబట్టి ఎవరు బ్యాటింగు చేసినా ఒక వికెట్టుకి సగటున 13 పరుగులు, పది వికెట్లకి 130. పుస్తకానికి గవాస్కర్ అయినా ఒకటే, ఆఖరున వచ్చే సంధూ అయినా ఒకటే. అప్పుడు సి.కె. నాయుడు గారు అని పేరు రాసుకోవటం దేనికి? మా వార్డెను మేడమ్ గారి పేరు రాసినా 13 పరుగులే వస్తాయి.

ఈ మాట పి.ఇ.టి. మేడమ్ గారిని అడిగితే ఆమె అమెరికా సంగతి చెప్పారు. అక్కడ బేస్‌బాల్ అనే ఆటను బల్ల మీద పాచికలతో ఆడతారంట. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటదంట. ఆయన నిజంగా ఆ ఏడాది ఎట్టా ఆడాడో ఆ లెక్కను బట్టి కార్డు తయారుచేస్తారంట. 1951లో ఒక కంపెనీ, 1961లో స్ట్రాట్-ఓ-మాటిక్ అనే ఇంకొకటి అట్టాంటి పెట్టెలు అమ్మటం మొదలుపెట్టాయి. పెద్దవాళ్ళు కూడా పాత జట్లను తెచ్చి, ఇంట్లో ఒక్కళ్ళే కూర్చొని టోర్నమెంట్లు ఆడతారంట. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను ఒక్కదాన్నే ఆడుకుంటుంటే పిచ్చిది అన్న వాళ్ళందరూ ఈ పేరా చదవవలెను.

నేనూ కార్డులు చేశాను. పెళ్ళి శుభలేఖల వెనకవైపు రాశాను. పెద్ద బ్యాటరుకి 0 వస్తే వెంటనే అవుట్ కాదు, మళ్ళీ తెరవాలి. 0, 2, 4 వస్తే అవుట్, 6, 8 వస్తే బతికిపోయినట్టు. ఇట్టా చేస్తే వికెట్టుకి సగటు 21 దాటుద్ది. ఆఖరున వచ్చేవాళ్ళకి 8 వచ్చినా అవుటే, వాళ్ళ సగటు 6. మధ్యవాళ్ళకి మామూలు 13. బౌలర్లకి కూడా కార్డులు పెడదామనుకున్నాను గాని ఒక్క బంతికి మూడుసార్లు పుస్తకం తెరవాల్సి వస్తంది, వదిలేశాను. అమర్‌సింగ్‌కి ఏ కార్డు ఇవ్వాలో రెండు రోజులు ఆలోచించాను. బౌలరే, కింద వచ్చేవాడే, కాని 1932 టెస్టు రెండో ఇన్నింగ్సులో 51 కొట్టాడు. టెస్టుల్లో మన దేశం మొదటి అర్ధసెంచరీ అదే. ఆయనకి ఆఖరివాళ్ళ కార్డు ఇస్తే అన్యాయం. మధ్య కార్డు ఇచ్చాను.

ఇప్పుడు నాలుగో జట్టు. అది 1868 ఆస్ట్రేలియా ఆదివాసీల జట్టు. ఆస్ట్రేలియా నుండి ఇంగ్లాండు వెళ్ళి ఆడిన మొదటి జట్టు వాళ్ళదే. అప్పటికి టెస్టు మ్యాచ్‌లే లేవు, అవి 1877లో మొదలయినవి. వాళ్ళు గొర్రెల ఫారాల్లో పనిచేసేవాళ్ళు. మొత్తం 47 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు, 14 ఓడారు, 19 డ్రా అయినవి. కింగ్ కోల్ అనే ఆయన అక్కడే జబ్బుచేసి లండనులో చనిపోయాడు. అందరిలో గొప్పవాడు జానీ ముల్లా. ఆ ఒక్క టూరులో 1698 పరుగులు, 245 వికెట్లు. లార్డ్స్‌లో 75 కొట్టాడు. ఆయన అసలు పేరు ఉనార్రిమిన్. ముల్లా అనేది గొర్రెల ఫారం పేరు. తెల్లవాళ్ళు వాళ్ళకి దోమ అనీ పులి అనీ ఎర్రటోపీ అనీ పేర్లు పెట్టి, స్కోరు పుస్తకంలో అవే రాసుకున్నారు.

ఇంకోటి ఉంది. మ్యాచ్ అయిపోయాక వాళ్ళ చేత బూమరాంగులు, ఈటెలు విసిరించి జనానికి చూపించేవాళ్ళంట. ఇది విని మా గదిలో అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మన బడికి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే మన తలలకి ఈకలు కట్టి డింసా ఆడిస్తారు కదా. డింసా అరకు వైపు వాళ్ళది. ఇక్కడ ఉన్నది యానాదులం, ఎరుకలోళ్ళం, సుగాలీలం. మాకు డింసా ఇంట్లో ఎవరూ నేర్పలేదు, మేడమ్ గారు ఫోనులో చూపించి నేర్పారు. బాగానే ఆడతాం. కాని వచ్చినవాళ్ళు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చినయ్యని మాత్రం అడగరు.

2020 నుండి మెల్‌బోర్న్‌లో క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే టెస్టులో బాగా ఆడినవారికి ముల్లా మెడల్ ఇస్తన్నారు. మొదట అందుకున్నది మన రహానే. చనిపోయి అన్ని ఏళ్ళయిన మనిషికి ఇప్పుడు మెడల్ ఎట్టా పెట్టగలిగారంటే, ఆయన పరుగులు ఎవరో పుస్తకంలో రాసిపెట్టబట్టే. నేను కార్డు చెయ్యగలిగింది కూడా అందుకే. మా నాయన మడ అడవిలో ఎన్ని పీతలు పట్టాడో దాని మీద ఎవరూ కార్డు చెయ్యలేరు. మా నాయనమ్మకి ఎన్నేళ్ళో కూడా తెలియదు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఇంకా పెళ్ళి కాలేదంటది, అంతే లెక్క. ఆ ఉప్పెనలో వాళ్ళ పేటలో పోయినవాళ్ళ పేర్లు మాత్రం వేళ్ళు మడుస్తా ఇప్పటికీ వరసగా చెప్పుద్ది.

టోర్నమెంటులో 1983 జట్టు మూడుకి మూడూ గెలిచింది. 1868 జట్టు రెండు గెలిచింది. ఆడపిల్లల జట్టు సి.కె. గారి జట్టుని ఓడించింది. సి.కె. గారు మూడూ ఓడిపోయి ఇంటికి పోయినారు, రెండుసార్లు ఆయన 0. ఏం చేస్తాం.

ఫైనలు 1868కి 1983కి. నాకు 1868 గెలవాలని ఉంది. ఒక్కదాన్నే ఆడుతున్నాను, చూసేవాళ్ళు ఎవరూ లేరు. పుస్తకం తెరిచే వేలు కొద్దిగా పక్కకి జరిగితే ఎవరికి తెలుస్తది? అందుకని ఆ ఆదివారం ఐదో తరగతి చెల్లిని కూర్చోబెట్టి పుస్తకం దాని చేతికిచ్చాను. ఎవరు బ్యాటింగో దానికి చెప్పలేదు. అది తెరిచి నంబరు చదవాలి, నేను రాయాలి. ముల్లాకి 4, 4, 6 వచ్చి తర్వాత 0 వచ్చింది. మళ్ళీ తెరువు అన్నాను. 312 అంది. అంటే 2, అవుట్. నాకు కాసేపు పెన్ను కదల్లేదు. జట్టు మొత్తం 121. తర్వాత 1983 వాళ్ళకి 119కి 8 వికెట్లు పడ్డాయి. కిర్మాణీ, సంధూ ఉన్నారు. చెల్లి 246 అంది. సిక్సు. "ఎవరు గెలిచారక్కా?" అని అడిగింది. కపిల్‌దేవ్ వాళ్ళు అన్నాను. అది చప్పట్లు కొట్టింది.

స్కోరు రాయటంలో ఒక పద్ధతి ఉంది. బ్యాటర్ల పరుగులన్నీ ఒకవైపు కూడాలి, బౌలర్లు ఇచ్చిన పరుగులన్నీ ఇంకోవైపు కూడాలి. రెండూ సమానం కావాలి. కాకపోతే ఎక్కడో తప్పిపోయినట్టే, వెనక్కి పోయి ఓవరు ఓవరు వెతకాలి. ఇది నాకు బాగా అలవాటయింది.

దసరా సెలవులకి నాగాయలంక వైపు మా పేటకి పోయినప్పుడు అదే పద్ధతిలో నాయన పీతల లెక్క రాశాను. అమ్మ గుడివాడ వైపు కూలికి పోయింది, ఇంట్లో నేనూ నాయనమ్మే. నాయన మండపీతలు తెచ్చినప్పుడల్లా నేను కూడా కాటా దగ్గరకి పోయేదాన్ని. పీతలు కొనే ఆయన పైకి చెప్పిన బరువునే నా నోటులో వేశాను. తారీఖు, పెద్దవి ఎన్ని, చిన్నవి ఎన్ని, బరువు ఎంత. పదకొండో రోజు ఆయన తన పుస్తకం తీసి, అడ్వాన్సులో ఇంత పోయింది, ఇంకా ఇంత ఉంది అని చెప్పాడు. నేను నా కూడిక చెప్పాను. రెండూ కలవలేదు. మూడు రోజుల్లో తేడా వచ్చింది, మొత్తం రెండు కేజీల ముప్పావు.

నాయన "ఊరుకోమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఎదురు మాట్లాడితే రేపు పీతలు ఎవరు కొంటారు? నేను గట్టిగా మాట్లాడలేదు. తారీఖులు చదివి వినిపించాను, అంతే. ఆయన "ఏ క్లాసమ్మా నువ్వు?" అన్నాడు. తొమ్మిది అన్నాను. రెండు రోజుల లెక్క కొట్టేసి తిరగరాశాడు. మూడో రోజుది తడిసిన పీతలు, నీళ్ళ బరువు తీసేశానన్నాడు. పీతలు ఏ రోజు తడిసి ఉండవో నాకు తెలియదు. అది మాత్రం రాలేదు.

ఇప్పుడు నాయన నాకు ఆదివారం ఫోను చేసినప్పుడు ముందు అన్నం తిన్నావా అనడు. ఆ వారం బరువులన్నీ వరసగా చెప్తాడు. ఆయనకి రాయటం రాదు గాని ఏ రోజు ఎంతో ఒక్కటీ మర్చిపోడు. నేను స్కోరు నోటులోనే వెనక నుండి రాస్తున్నాను. ముందు నుండి క్రికెట్టు, వెనక నుండి పీతలు. ఇంకో ఇరవై పేజీలు ఉన్నాయి, రెండూ కలుసుకుంటే కొత్త నోటు కావాలి.

నిఘంటువు కూడా అయిపోవచ్చింది. ఈ మధ్య మాటిమాటికీ 'మ' దగ్గరే తెరుచుకుంటంది. రెండో టోర్నమెంటుకి ఇది పనికిరాదు. లైబ్రరీలో గాని, మీ ఇళ్ళల్లో గాని ఎవరూ ముట్టని లావు పుస్తకం ఉంటే చెప్పగలరు. ఐదు వందల పేజీలకి తగ్గకూడదు. ఐదో తరగతి చెల్లి ఈసారి పరుగులు కూడా తనే రాస్తానంటంది. రెండంకెల కూడికలు చేతివేళ్ళు లేకుండా వచ్చినాక రమ్మన్నాను.