కాళ్ల ఫోటో పంపండి

మిర్యాలగూడ నా పుట్టిల్లు, సూర్యాపేట అత్తగారిల్లు, కోదాడ మేనమామల ఊరు. ఇంగ్లండ్ నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ మూడూళ్ల మధ్యే తిరుగుతుంటాను. షుగర్ వచ్చాక ఈ తిరుగుడు తీరు మారింది. ఏ ఇంట్లో కూర్చున్నా ముందు భోజనం, వెంటనే వైద్యం. మా వాళ్లలో షుగర్ లేని ఇల్లు వెతికినా దొరకదు కాబట్టి సలహాలకు కరువు లేదు. మెంతులు నానబెట్టుకో అని ఒకరు, కాకరకాయ రసం తాగు అని ఇంకొకరు, అల్లనేరేడు గింజల పొడి డబ్బాలో పోసి చేతిలో పెట్టేవాళ్లు మరొకరు. అంతా చెప్పి, చివర్లో ‘ఒక్క లడ్డు తింటే ఏమైతది బిడ్డా’ అని ఆకులో వేసేదీ వాళ్లే.

కోదాడలో ఒకరోజు, తిన్న రెండు గంటలకు వేలు గుచ్చుకుని చూసుకున్నాను. మిషన్ మీద 8.2 పడింది. పక్కనే పేపర్ చదువుతున్న మామయ్య కళ్లజోడు పైకి నెట్టి తొంగిచూశాడు.

‘ఎనిమిదా? నువ్వింకా ఎట్ల మాట్లాడుతున్నవే?’

ఆయన లెక్కలు నూట ఎనభైలు, రెండొందల నలభైలు. ఇండియాలో మిల్లీగ్రాముల్లో చూస్తే, బ్రిటన్‌లో మిల్లీమోల్స్‌లో చూస్తారు. అక్కడి అంకెను 18తో గుణిస్తే ఇక్కడిది వస్తుంది. నా 8.2 అంటే దాదాపు 148. అది చెప్పగానే మామయ్య ముఖం కొంచెం చిన్నబోయింది. ‘తిన్నంక నూట నలభై ఎనిమిదా? నాకంటే నయమే గదా’ అన్నాడు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి కూడా అక్కడ వేరే కొలత ఉందని, ఇక్కడ 7 శాతం అనేదాన్ని అక్కడ 53 అని రాస్తారని చెబితే, ‘దేశం మారంగనే రోగం లెక్క గూడ మారుస్తదా’ అని నవ్వాడు.

నవ్వాడు గానీ, మామయ్యకు తన అంకెలన్నీ కంఠస్థం. పరగడుపున ఎంత, తిన్నంక ఎంత, పోయిన సంక్రాంతికి ఎంత, అన్నీ చెప్పగలడు. కళ్లు ఎప్పుడు చూపించుకున్నావు మామయ్యా అంటే మాత్రం, ‘కళ్లు మంచిగనే కనపడుతున్నయి గదా’ అన్నాడు. అరికాళ్ల సంగతి అడిగితే అర్థం కానట్టు చూశాడు. అప్పటినుంచి నా ఆలోచన దీని చుట్టూనే తిరుగుతున్నది. షుగర్ చాలాకాలం నొప్పి పెట్టదు. కంటి వెనక రక్తనాళాలు దెబ్బతింటున్నా చూపు బాగానే ఉంటుంది, కాలి నరాలు మొద్దుబారుతున్నా నడక ఆగదు. నొప్పి లేనిదాన్ని ఒళ్లు తనంతట తాను గుర్తుచేయదు. మరి ఎవరు గుర్తుచేయాలి?

ఇంగ్లండ్‌లో నేనుండే రెడింగ్‌లో నాకు ఉత్తరం గుర్తుచేస్తుంది. ఏటా ఒక నెలలో నర్సు దగ్గరికి రమ్మని కబురు. రక్తం, మూత్రం, బీపీ, కొలెస్ట్రాల్, బరువు చూస్తారు. తర్వాత సాక్సులు విప్పమంటారు. సన్నటి నైలాన్ తీగ ఒకటి అరికాలి మీద అక్కడక్కడ ఆనించి, తగిలిందా లేదా చెప్పమంటారు. కళ్లకు వేరే ఉత్తరం. చుక్కలు వేసి కంటి లోపలి భాగాన్ని ఫోటో తీసి పంపేస్తారు, డాక్టరు ఎదురుగా ఉండనవసరం కూడా లేదు. ఇదంతా విసుగ్గానే ఉంటుంది. కానీ 2014లో వచ్చిన ఒక అధ్యయనం చదివాక ఆ ఉత్తరాలను విసిరేయబుద్ధి కాలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువాళ్ల చూపు పోవడానికి ఐదు దశాబ్దాల పాటు మొదటి కారణంగా ఉన్న షుగర్ కంటిజబ్బు, ఆ స్థానం నుంచి దిగిపోయిందట. దేశమంతా పెట్టిన ఈ ఫోటో పరీక్షలూ మెరుగైన షుగర్ అదుపూ అందుకు కారణమై ఉంటాయని అందులో రాశారు.

ఇంగ్లండ్‌ను పొగడడానికి ఇది రాయడం లేదు. అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న పొద్దులు నాకు తెలుసు. సూర్యాపేటలో పొద్దున్నే పరగడుపున ల్యాబ్‌కు పోతే మధ్యాహ్నానికి రిపోర్టు వాట్సాప్‌లో ఉంటుంది, సాయంత్రం డాక్టర్ దగ్గర కూర్చోవచ్చు. 2019 నుంచి ఊళ్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడడానికి ఆశా కార్యకర్తలు ఇంటికే వస్తారు. పరీక్ష దొరకడంలో సూర్యాపేటే గెలుస్తుంది. గుర్తుచేయడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం. మందులషాపు అబ్బాయి మా అత్తయ్య మాత్రల పేర్లు చూడకుండా చెప్పగలడు, అయిపోయే రోజు కూడా తెలుసు అతనికి. ఆమె పాదాలు చూడాల్సిన రోజు ఎవరికీ తెలియదు.

ఇక అన్నం సంగతి. మా నాన్న మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తాగా చేశాడు, కాబట్టి బియ్యం గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలేదాకా మా నాన్నమ్మ ఇంట్లో జొన్న గటక, సజ్జ రొట్టె. తెల్లన్నం పండక్కి, చుట్టాలకి. కాలువ వచ్చాక వరి, వరి వెంట మిల్లులు. ఒక్క తరంలో కంచం రంగు మారింది. అలాగని నెపమంతా వరి మీద వేయడం నాకు నచ్చదు. నాన్నమ్మ తరం పొద్దంతా బురదలో వంగి నాట్లేసి ఆ అన్నం తిన్నది. మేము కుర్చీలో కూర్చుని అంతే అన్నం తింటున్నాం.

మిర్యాలగూడ విచిత్రం ఇంకొకటుంది. ఎండాకాలం కోతకొచ్చే యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే గింజ విరిగి నూక ఎక్కువైతది. అందుకే నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ ఉడుకులో పొట్టు దగ్గరి బి విటమిన్లు కొన్ని గింజలోకి ఇంకుతాయి, పిండి గట్టిపడి మామూలు తెల్ల బియ్యం కంటే నెమ్మదిగా అరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు నయమైన బియ్యమన్నమాట. మేమేమో దాన్ని లారీలకెత్తి వేరే రాష్ట్రాలకు పంపి, మల్లెపూవులాంటి పాలిష్ సన్నబియ్యం వండుకుంటాం. ఉప్పుడు బియ్యం వాసన మాకు పడదు. నాన్నకూ పడదు, రోజంతా ఆ ఆవిర్ల మధ్యే పనిచేసినా.

సన్నబియ్యం మీద ఆశ లేనివాళ్లెవరు? 2025 ఉగాది నాడు మా పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్‌కు సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు, మనిషికి ఆరు కిలోలు. ఇంతకుముందు దొడ్డు బియ్యం అమ్ముకున్నవాళ్లు ఇప్పుడు వండుకుంటున్నారని మా వదిన చెప్పింది. ఉన్నవాడు తినే బియ్యమే లేనివాడి కుండలోకి వస్తే సంతోషమే, షుగర్ పేరు చెప్పి ముక్కు విరవడానికి నేనెవరిని? షాపుల్లో ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అనే బోర్డులు చూస్తే మాత్రం చిరాకు. వాళ్లు అమ్మేది చాలాచోట్ల తెలంగాణ సోనా, రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం. మంచి వంగడమే. రక్తంలోకి చక్కెర ఎంత వేగంగా వస్తుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ దానికి 51 పైచిలుకు, 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. కానీ తక్కువ వేగం అంటే చక్కెర లేదని కాదు. అది షుగర్ ఫ్రీ బియ్యమే గదా అని రెండు గరిటెలు ఎక్కువ వేసుకునేవాళ్లను మా ఇంట్లోనే చూశాను.

నేను చేసేది ఇంతే. ముందు కూర, పప్పు, ఉంటే గుడ్డు. అన్నం చివర్న, ఒక కప్పు కొలిచి. అదే తిండి ఈ వరసలో తింటే నా మిషన్ మీద తేడా కనిపిస్తుంది. తిన్నాక పది నిమిషాలు నడక. మే నెల సూర్యాపేటలో మధ్యాహ్నం బయట నడిస్తే వేరే జబ్బొస్తది కాబట్టి హాల్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి హాల్లోకీ. పిల్లలకు ఇదొక సినిమా. ఒంటరిగా తినేటప్పుడు ఇదంతా సులువు. పంక్తిలో కూర్చుంటే గరిటె మన చేతిలో ఉండదు, వడ్డించేవాళ్ల మర్యాద మీద ఆధారపడి ఉంటుంది.

పెళ్లిళ్లలో ఇంకో చిక్కు. ముహూర్తం పన్నెండు దాటాక, భోజనం మూడింటికి. నేను మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిక్లజైడ్ కూడా వేసుకుంటాను. అది క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది. మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చేతుల వణుకు, చెమట, ఎవరి మీదో అకారణంగా కోపం. కోదాడ ఫంక్షన్ హాల్లో ఒకసారి ఫోటోగ్రాఫర్ మీద అరిచాను. అతను చేసిన తప్పేమీ లేదు, నా షుగర్ ఇక్కడి లెక్కలో 70 కంటే కిందికి జారింది. హ్యాండ్‌బ్యాగులో గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉంటుంది, అదే కాపాడింది. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. పూజ అయ్యేదాకా ఏమీ తినం అనే మా ఆడవాళ్లు మాత్ర మాత్రం టైముకు వేసుకుంటారు. డాక్టర్ చెప్పింది పాటించామని వాళ్ల ధీమా. మాత్రకూ తిండికీ ఉన్న ముడి వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

మా నాన్న పనిచేసిన మిల్లులో ఒక హమాలీ ఉండేవాడు. బక్కపల్చటి మనిషి. అతనికి షుగర్ అంటే ఎవరూ నమ్మలేదు, ‘బస్తాలు మోసేటోనికి షుగరేంది’ అని. నా జబ్బు బయటపడ్డప్పుడు నేను కూడా ఇంగ్లండ్ చార్టు ప్రకారం సరైన బరువులోనే ఉన్నాను. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి ఫోటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, పుణె ఆయనకు 21.2. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. బ్రిటన్‌లో ఇప్పుడు మనలాంటివాళ్లకు ఆ ఇండెక్స్ 23 దాటితే చాలు, జాగ్రత్త అంటారు. ఇండియాలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. వాళ్లలో ఆ హమాలీలాంటివాళ్లు ఎందరో.

సూర్యాపేటలో మా చిన్నత్తది ఇన్సులిన్. ఫ్రిజ్ ఉన్నా, వాడుకలో ఉన్న పెన్నును చిన్న మట్టికుండలో పెట్టి, ఆ కుండను తడి ఇసుకలో దించి ఉంచుతుంది. చల్లటి ఇన్సులిన్ గుచ్చుకుంటే నొప్పి అని ఆమె కారణం. తెరిచిన పెన్నును ఎండ తగలకుండా ఓ మోస్తరు చల్లదనంలో దాదాపు నాలుగు వారాలు వాడుకోవచ్చు. తెరవనివి మాత్రం ఫ్రిజ్‌లోనే, గడ్డకట్టకుండా. నేను లండన్ నుంచి తెచ్చిన చల్లబరిచే సంచి ఆమె బీరువాలో భద్రంగా ఉంది.

కాళ్ల సంగతికి వస్తాను. వాడపల్లిలో కృష్ణ, మూసీ కలిసేచోటికి మా పెదనాన్న ఎండాకాలం దర్శనానికి పోయాడు. గుడి రాళ్ల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేశాడు. కాలుతున్నట్టు ఆయనకు తెలియలేదు. ఇంటికొచ్చాక మంచంకోడు మీద కాలు పెడితే పెద్దమ్మ చూసింది, అరికాలంతా బొబ్బలు. ‘దేవుడి దయవల్ల నొప్పి లేదు’ అన్నాడట. ఆ పుండు మానేసరికి వానలు పడి నాట్లు అయిపోయాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్న ఆ కాళ్లను అంతకుముందు ఎవరూ తాకి చూడలేదు. సన్నటి తీగ ఆనించి అడగడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఉత్తరాలు పంపే ఆఫీసును నేను మూడూళ్లకు తేలేను. అందుకే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక నియమం పెట్టాను. నెలలో మొదటి ఆదివారం, షుగర్ ఉన్నవాళ్లంతా అరికాళ్లూ వేళ్ల సందులూ కనబడేలా ఫోటో పంపాలి. ఎర్రబడ్డా, పగిలినా, నల్లబడ్డా సోమవారం డాక్టర్ దగ్గర ఉండాలి. ఎవరి పుట్టినరోజు నెలలో వాళ్ల కళ్ల పరీక్ష. ‘గుడ్ మార్నింగ్ పూలు పంపే గ్రూపుల కాళ్లేంది’ అని వదిన ఏడిపించింది. మా వారు దాన్ని పాదపూజ గ్రూపు అంటున్నారు. చిన్నత్త అందరికంటే ముందు పంపుతుంది, పసుపు రాసుకుని మరీ. పసుపు కడిగాక ఇంకోటి పంపమని అడగాల్సి వస్తుంది.

మామయ్య మొదటి నెల తప్పించుకున్నాడు. రెండో నెల పొద్దున్నే ఫోటో వచ్చింది, శుభ్రమైన కాళ్లు, ఒక్క పగులు లేదు. రెండో వేలికి మెట్టెలున్నాయి. ‘మామయ్యా, అత్తయ్య కాళ్లు బాగున్నయి, ఇప్పుడు నీవి పంపు’ అని రాశాను.