నెలవంక – సెలవు చీటీ

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలవారు అనేకులు కువైట్, సౌదీ అరేబియా దేశాలలో పనిచేస్తున్నారు. "ముస్లిం దేశంలో ఉన్నవారికేమి? పండుగకు పండుగ, సెలవుకు సెలవు" అని ఇక్కడివారు భావించుట సహజము. మా కుటుంబంలో ఇద్దరు కువైట్‌లో ఉన్నందువలన, అక్కడి సెలవులను బట్టి మా ఇంటి ఏడాదిని అమర్చుకొనుట మాకు అలవాటైనది. ఆ లెక్క చూచినంత సులభం కాదు.

మొదటి చిక్కు చంద్రునిది. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 దినాలు. అందుచేత రంజాన్ ఏటేటా సుమారు 11 దినాలు ముందుగా వస్తూ, దాదాపు 33 ఏండ్లలో ఋతువులన్నిటినీ చుట్టివస్తుంది. మన తెలుగు పంచాంగమూ చాంద్రమానమే. కాని అప్పుడప్పుడు అధికమాసం చేరుటవలన ఉగాది వసంతాన్ని విడిచిపోదు. 2025 మార్చి 30న ఈ రెండు లెక్కలూ కలిసినవి. ఇక్కడ ఉగాది, కువైట్‌లో ఈదుల్ ఫితర్. మనకు ఈద్ మరునాడు. భాయ్‌జాన్ ఈద్ నమాజు ముగించుకొని ఫోను చేసినప్పుడు మేమింకా ఉపవాసంలోనే ఉన్నాము. పొరుగింటివారు పంపిన ఉగాది పచ్చడి ఇఫ్తార్ వేళ కొరకు వేచియున్నది.

రెండవ చిక్కు వారాలది. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పనిదినం. మనకు ముహర్రం పదవనాడు సెలవు. వారికి హిజ్రీ నూతన సంవత్సరాదినాడు. ఫిబ్రవరి 25 వారి జాతీయ దినం. 26, ఇరాక్ ఆక్రమణ 1991లో తొలగిన దినం. ఆ రెండూ మన పరీక్షల కాలంలో వస్తాయి.

అన్నిటికంటె పెద్ద చిక్కు వేరే ఉన్నది. కాలెండరులోని ఎర్ర అంకెలు కార్యాలయాలకు గాని, ఇండ్లకు కావు. భాయ్‌జాన్ ఒక ఇంటి డ్రైవరు. మా ఖాలా మరొక ఇంట వంట చేస్తుంది. పండుగనాడు యజమానుల బంధువులు కూడుతారు గనుక వారికి ఆనాడే పని హెచ్చు. 2010 నాటి కువైట్ కార్మిక చట్టం ఇంటి పనివారికి వర్తించదు. వారికై 2015లో చేసిన 68వ చట్టం వారానికొక సెలవు, ఏటా వేతనంతో కూడిన సెలవు ఇచ్చినది. ఆ సెలవు ఎప్పుడన్నది మాత్రం యజమానితో తేలవలసినదే.

మా చెల్లెలి నికాహ్ బక్రీద్ తరువాతి వారంలో నిశ్చయమైనది. పది దినాలుండగా భాయ్‌జాన్ సెలవు ఆగినది. పెండ్లి జరిపివేయుదమని బంధువులన్నారు. అమ్మీ ఒప్పుకొనలేదు. "సొమ్మంతా పంపినోడు దావత్‌లో ఒక ముద్ద తినకుంటే అదేం పెండ్లి?" అన్నది. ముహర్రం, సఫర్ మాసాలలో మా వైపు శుభకార్యాలు చేయరు. కనుక నికాహ్ రబీవుల్ అవ్వల్‌కు వాయిదా పడినది. షాదీఖానాకిచ్చిన బయానా పోయినది. వరునివారు పెద్దమనసుతో అంగీకరించారు గనుక సంబంధం నిలిచినది. అందరూ అట్లు అంగీకరింపరు.

అప్పటినుండి మా ఇంట క్రమం మారినది. మొదట యజమాని సంతకంతో సెలవు చీటీ, పిమ్మట చెన్నైకి విమానం టికెట్టు, చివరకు శుభలేఖ.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఆ దేశాలకు పోయెదరు. జీతమెంతయని అడిగినట్లే సెలవెప్పుడని కూడ అడుగండి, వ్రాయించుకొనండి. ఒప్పందపత్రం అరబ్బీలో ఉంటే, సంతకానికి ముందు మన అరబ్బీ అధ్యాపకులచేత చదివించుకొనండి. ఇందుకు వారంలో ఒక గంట కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారికి మా మనవి.